చౌడేశ్వరమ్మ గూట్లో స్తూపం

చల్లపల్లి దాటి సముద్రం దిక్కుగా పోయే కాలవ గట్టు మీద దిబ్బపాలెం అని ఒక నేతగాళ్ళ పేట ఉండేది. పేట వెనక పెద్ద మట్టిదిబ్బ ఉండబట్టి ఆ పేరు. దిబ్బను ఎక్కడ గీరినా వెడల్పాటి పాతకాలపు ఇటుకలు, చెక్కడపు పని ఉన్న తెల్లరాళ్ళు బయటపడేవి. ఇటుకలు రోడ్డు కంట్రాక్టరు బళ్ళ మీద పోయేవి. రాళ్ళు సున్నపు బట్టీకి పోయేవి. చౌడేశ్వరమ్మ అత్తగారు వయసులో ఉన్నప్పుడు పేడ ఎత్తుకురావడానికి ఆ వైపు వెళ్ళి, బట్టీ పక్కన కుప్పలో ఒక చిన్న రాయిని చూసింది. బోర్లించిన చెంబులా గుండ్రంగా, నున్నగా ఉంది. చూస్తూ చూస్తూ దాన్ని నిప్పుల్లో పడనివ్వడానికి ఆమెకు మనసొప్పలేదు. గంపలో వేసి, పైన పేడ కప్పి ఇంటికి తెచ్చి, కడిగి, మగ్గం గదిలో గోడగూట్లో పెట్టింది.

అప్పట్నుంచీ ఆ ఇంటికి అదే దేవుడు. పేరు గుండుస్వామి. శివాలయం పూజారి ఒకసారి వచ్చి చూసి, కింద పానవట్టం లేదు కాబట్టి ఇది లింగం కాదని తేల్చి వెళ్ళాడు. "ఏ దేవుడైతేనేం, మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు" అంది అత్తగారు. రాయి నెత్తిన చిటికెనవేలు పట్టేంత బెజ్జం ఉంది. రోజూ అందులో ఒక గన్నేరు పువ్వు గుచ్చేది. కొత్త పడుగు మగ్గానికి ఎక్కించే ముందు తొలి పోగు తెచ్చి రాయి చుట్టూ చుట్టేది. ఆ పోగు మళ్ళీ పడుగు మారేదాకా అక్కడే ఉండేది. చౌడేశ్వరమ్మ కాపరానికి వచ్చిన ఏడాదిలోనే ఈ పనులన్నీ ఆమె చేతికి వచ్చాయి.

చౌడేశ్వరమ్మ ఒట్టి చేతులతో కాపరానికి రాలేదు. చంకన తమ్ముణ్ణి ఎత్తుకు వచ్చింది. అంకమ్మరావు పుట్టిన పురిట్లోనే తల్లి పోయింది, తండ్రి అంతకు ముందే పోయాడు. ఆమె పెనిమిటి ఆదిశేషయ్య దానికి ఒక్క మాట అనలేదు. తనకు పిల్లలు లేకపోయినా లోటనలేదు. అంకమ్మరావుకు మగ్గం నేర్పుదామని చూశాడు గానీ, వాడి కాళ్ళు మగ్గం గుంటలో నిలిచేవి కావు, మనసు అంగళ్ళ మీద ఉండేది. చివరికి ఆదిశేషయ్యే బెజవాడ వన్ టౌన్‌లో తను చీరలు వేసే షావుకారును బతిమాలి, ఆ కొట్లో వాణ్ణి గుమాస్తాగా కుదిర్చాడు. వాడు బయలుదేరిన రోజున చౌడేశ్వరమ్మ వాడి చేత గుండుస్వామికి దణ్ణం పెట్టించింది. తర్వాత హనుమాయమ్మ అనే పిల్లను చూసి పెళ్ళి కూడా ఆ దంపతులే చేశారు.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన రోజుల్లో ఆదిశేషయ్య విషజ్వరంతో పోయాడు. మగ్గం మూలపడింది. చౌడేశ్వరమ్మ ఇతరుల మగ్గాలకు కండెలు చుట్టి బతికింది. రాట్నం దగ్గర చిన్నప్పటి నుంచీ వంగి కూర్చున్న కళ్ళు అప్పటికే మసకబారాయి. పోగు తెగితే కంటితో కాక వేళ్ళతో వెతుక్కునేది. పెళ్ళిళ్ళకు, పేరంటాలకు పిలుపులు ఆగిపోయాయి. ఎదురొస్తే జనం ఒక క్షణం నిలబడి, పక్కకు తప్పుకుని పోయేవాళ్ళు. ఆమె దాన్ని తప్పుపట్టలేదు. తనూ ఒకప్పుడు అట్లాగే తప్పుకుంది.

ఆ రోజుల్లోనే బాలశౌరి మేష్టారు వచ్చాడు.

ఆయన బందరు స్కూల్లో డ్రాయింగు మేష్టరుగా చేసి రిటైరైన క్రైస్తవుడు. కుర్రతనంలో ఎక్కడో తవ్వకాల దగ్గర, బయటపడ్డ శిల్పాలకు బొమ్మలు గీసే పనికి కుదిరాడట. ఆ పిచ్చి పోలేదు. సైకిలు మీద తిరిగి పాత రాళ్ళు ఎక్కడున్నాయంటే అక్కడికి వెళ్ళి గీసుకునేవాడు. దిబ్బ చూడటానికి వచ్చి, ఫలానా ఇంట్లో ఒక రాయి ఉందని విని చౌడేశ్వరమ్మ గడపలో నిలబడ్డాడు.

"నేను లోపలికి రావచ్చునా అమ్మా? చెప్పులు, టోపీ బయటే పెడతాను."

"రండి మేష్టారూ. చూడ్డానికి ఏముంది, మా అత్తగారు తెచ్చిన రాయి."

ఆయన గూటి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తల వంచి రాయిని కింద నుంచి పైదాకా చూశాడు. తర్వాత మెల్లిగా అన్నాడు.

"దీన్ని స్తూపం అంటారమ్మా. మీ దిబ్బ ఉందే, అది ఒకప్పుడు ఇట్లాగే తెల్లగా, నున్నగా ఉండేది. ఆ దిబ్బకు పిల్ల ఇది. గొప్పవాళ్ళ అస్థికల మీద మట్టిపోసి దిబ్బ కట్టేవాళ్ళు, దానికి రాతిపలకలు తొడిగేవాళ్ళు. అంత దూరం రోజూ రాలేనివాళ్ళూ, మొక్కుకున్నవాళ్ళూ ఇట్లాంటి చిన్నవి చెక్కించుకునేవాళ్ళు. బుద్ధుడి గుర్తు."

చౌడేశ్వరమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. "అస్థికలా? చచ్చినవాళ్ళ బూడిద ఇంట్లో పెట్టుకోవచ్చునా అండీ? నేనసలే మొగుడు పోయినదాన్ని."

"ఇందులో బూడిద లేదమ్మా. ఇది గుర్తు మాత్రమే. మా ఇంట్లోనూ గోడకు ఒక గూడు ఉంది, అందులో శిలువ ఉంది. అదీ చావు గుర్తే. దాని ముందే మేము దీపం పెట్టుకుంటాం."

ఆ మాట ఆమెకు నచ్చింది. దగ్గరికి వచ్చి కూర్చుంది. మేష్టారు ఆమె వేళ్ళు పట్టుకోకుండా, రాయి మీద తన వేలితో చూపిస్తూ ఒక్కొక్కటీ చెప్పాడు. గుండ్రటి భాగాన్ని అండం అంటారు, గుడ్డు అన్నమాట, లోపల బతుకును దాచుకున్నది. పైన చదరంగా ఉన్నది చిన్న పెట్టె. దాని నెత్తిన బెజ్జం గొడుగు నిలబెట్టడానికి. రాజుకు పట్టే గొడుగు రాజ్యం వదిలినవాడికి పట్టారు. గొడుగు ఎప్పుడో విరిగిపోయింది.

"అందులో మేము పువ్వు గుచ్చుతున్నామండీ ఇన్నేళ్ళూ."

"మంచిదే. పువ్వు కూడా గొడుగే."

ముందు వైపు వరసగా ఐదు చిన్న స్తంభాలు పొడుచుకొచ్చి ఉన్నాయి. ఒకటి సగానికి విరిగింది. అవి ఈ కృష్ణ ఒడ్డు స్తూపాలకే ఎక్కువగా కనిపిస్తాయని చెప్పాడు మేష్టారు. పుట్టడం, ఇల్లు విడవడం, తెలుసుకోవడం, తెలుసుకున్నది చెప్పడం, పోవడం. ఐదింటికీ ఐదు.

"మరి విరిగింది ఏదండీ?"

"ఎటునుంచి వరస మొదలో నాకూ నమ్మకంగా తెలియదు" అన్నాడాయన.

కింద పట్టీ చుట్టూ గోరంత గోరంత హంసలు ఒకదాని వెనక ఒకటి నడుస్తున్నాయి. అవి చౌడేశ్వరమ్మ కంటికి ఆనవు. వేలితో తడిమితే గరుకు తగిలేది, అంతే. "ఇవి కుడిచేతి వైపుగా నడుస్తున్నాయి. మనిషి కూడా అటే తిరగాలని. స్తూపానికి చేసే పూజంతా దీపం, పువ్వు, ప్రదక్షిణం. మీరు మొదటి రెండూ ఎవరూ చెప్పకుండానే చేస్తున్నారు. గూట్లో ఉంది కాబట్టి మూడోది కుదరడం లేదు" అన్నాడు మేష్టారు. తర్వాత రెండు మూడుసార్లు వచ్చి రాయిని అన్ని వైపుల నుంచీ బొమ్మ గీసుకుని వెళ్ళాడు.

ఆయన వెళ్ళాక ఆమె కొన్నాళ్ళు ఆలోచించింది. మగ్గం తీసేసిన గుంట ఖాళీగా పడి ఉంది. దాన్ని పూడ్పించి, దాని మీద మట్టితో చిన్న అరుగు వేయించి, రాయిని గూట్లోంచి తీసి అక్కడ నిలబెట్టింది. ఆదిశేషయ్య కూర్చుని నేసిన చోటు అది. పొద్దునా సాయంత్రం దాని చుట్టూ తిరిగేది. కళ్ళు సరిగా లేకపోయినా చెయ్యి రాయి మీద ఆనించి తిరిగేది కాబట్టి తడబడేది కాదు.

ముందు పక్కింటి అమలమ్మ వచ్చింది, కొడుక్కు జ్వరం తగ్గితే తిరుగుతానని మొక్కుకుని. తర్వాత మరొకరు. తర్వాత కొత్త పడుగు వేసే ప్రతి ఇంటివాళ్ళూ తొలి పోగు తెచ్చి చౌడేశ్వరమ్మ చేతికిచ్చి, రాయికి చుట్టించుకుని వెళ్ళడం మొదలుపెట్టారు. ఎదురొస్తే తప్పుకున్న ఆడవాళ్ళే ఇంటికొచ్చి "పిన్నీ, నీ చేత్తో చుట్టు" అనేవాళ్ళు. ఆమె అయిదు స్తంభాలకూ అయిదు పూలు పెట్టి, వాటి అర్థం చెప్పేది. భర్త పోయాక ఇంతమంది మధ్య నిలబడి మాట్లాడటం ఆమెకు అదే మొదలు.

అంకమ్మరావు పండక్కి వచ్చి ఇదంతా చూశాడు. స్తూపం అంటే ఏమిటో అక్క నోటనే విన్నాడు. బాలశౌరి మేష్టారి ఇల్లు కనుక్కుని వెళ్ళి, "మా ఇంటి దేవుడి బొమ్మ మా బెజవాడ ఇంట్లో పటం కట్టించుకుంటానండీ" అని అడిగి, ఆయన గీసిన బొమ్మలన్నీ తీసుకున్నాడు. మేష్టారు సంతోషంగా ఇచ్చాడు. చౌడేశ్వరమ్మ కూడా మురిసిపోయింది. తమ్ముడికి భక్తి కలిగిందనుకుంది.

మరుసటేడు హనుమాయమ్మకు నెలలు నిండాయి. ఆ పిల్లకు తల్లి లేదు. అంకమ్మరావు వచ్చి అక్క కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"నువ్వొచ్చి పురుడు పొయ్యాలక్కా. నన్ను పెంచిన చేతులు, నా బిడ్డను కూడా నువ్వే అందుకోవాలి."

"స్వామికి దీపం ఎవరు పెడతార్రా?"

"నేను వారం వారం వచ్చి చూసుకుంటాగా. అమలమ్మకు కూడా చెబుదాం."

ఆమె వెళ్ళింది. బెజవాడలో కొండ కింద ఇరుకు సందులో వాళ్ళ ఇల్లు. మగపిల్లవాడు అడ్డం తిరిగితే మంత్రసాని చేతులెత్తేసింది. లేడీ డాక్టరు కోసం మనిషిని పరిగెత్తించి, ఆవిడ వచ్చేదాకా చౌడేశ్వరమ్మే హనుమాయమ్మను పట్టుకుని కూర్చుంది. తల్లీ బిడ్డా గట్టెక్కారు. ఆ తర్వాత పథ్యం వండింది, గుడ్డలుతికింది, పిల్లవాడికి నూనె రాసి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని స్నానం చేయించింది. అంకమ్మరావు చెప్పినట్టే మధ్య మధ్య దిబ్బపాలెం వెళ్ళి వచ్చేవాడు. "స్వామి బాగున్నాడక్కా" అనేవాడు.

పిల్లవాడు మెడ నిలబెట్టాక ఆమె ఇంటికి బయలుదేరింది. అంకమ్మరావు తోడు వచ్చాడు. ఇల్లు చేరగానే కాలవలో మునిగి, తడిబట్టతో అరుగు దగ్గరికి వెళ్ళి రాయి మీద చెయ్యి వేసింది. చెయ్యి ఆగిపోయింది.

"ఒరే, ఇదేంటి ఇట్లా ఉంది?"

"ఎట్లా ఉంది?"

"ముట్టుకుంటే రాయిలా ఉంది."

అంకమ్మరావు నవ్వాడు. "రాయి కాక మరేంటక్కా? ఎన్నేళ్ళ జిడ్డో పట్టి ఉంటే చింతపండు పెట్టి తోమించా. నీకు సంతోషంగా ఉంటుందని."

ఆమె మళ్ళీ తడిమింది. విరిగిన స్తంభం విరిగినట్టే ఉంది. నెత్తిన బెజ్జం ఉంది. కింద హంసల గరుకు ఉంది. కానీ చేతికి తెలిసినది లేదు. ఏళ్ళ తరబడి కాపరం చేసిన మనిషి ముఖం తడిమితే ఇంకెవరిదో తగిలినట్టు ఉంది. దీపం పెట్టింది, తిరిగింది. ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ తమ్ముడితో అంది.

"స్వామి లేడురా ఇందులో. ఎందుకు పోయాడో తెలీడం లేదు."

అంకమ్మరావు అన్నం కలుపుతున్నాడు. అప్పుడు ఏం చెప్పినా చెల్లేది. తోమడం వల్ల అని చెప్పినా చెల్లేది, నీ భ్రమ అన్నా చెల్లేది. అతను తల ఎత్తకుండా అన్నాడు.

"పురిటింటి నుంచి తిన్నగా వచ్చి ముట్టుకున్నావు కదక్కా. ఆ మైల ఏవన్నా..."

చౌడేశ్వరమ్మ చేతిలో గరిటె కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మాట ఆమెలో నాటుకుంది. మొగుడు పోయినది, కడుపు పండనిది, పురిటి మైలతో వచ్చి దేవుణ్ణి వెళ్ళగొట్టింది. మర్నాటి నుంచీ రాయిని ముట్టుకోవడం మానేసింది. దూరం నుంచే దణ్ణం పెట్టేది. తొలి పోగు తెచ్చినవాళ్ళతో "నా చేత్తో వద్దమ్మా, నా చెయ్యి మంచిది కాదు" అనేది. ఎందుకని గుచ్చి గుచ్చి అడిగితే ఒకరోజు జరిగింది చెప్పేసింది. చెప్పాక, ఇక ఎవరూ రాలేదు. వీధిలో ఎదురైతే జనం మళ్ళీ పక్కకు తప్పుకున్నారు. ఈసారి అమలమ్మ కూడా తప్పుకుంది.

రాత్రి భోజనం మానేసింది. సోమవారాలు పూర్తిగా పస్తుండేది. కార్తీకంలో చన్నీళ్ళు పోసుకుని తడిబట్టతోనే అరుగు ముందు కూర్చుని దగ్గు తెచ్చుకుంది. అంకమ్మరావు వచ్చినప్పుడు ఇదంతా చూసేవాడు. బెజవాడలో అతనికి అప్పటికి సొంత కొట్టు వచ్చింది. వన్ టౌన్‌లో ఒక నూలు సేటు తన గోడౌను ముందు భాగం అతనికి ఇచ్చాడని, నూలు కంట్రోలు రోజుల్లో కూడా సరుకు ఇప్పిస్తున్నాడని ఊళ్ళో గొప్పగా చెప్పుకునేవాళ్ళు. వచ్చినప్పుడల్లా అక్కకు పళ్ళు, మందు సీసా తెచ్చేవాడు. "ఒళ్ళు జాగ్రత్తక్కా, అంత పస్తులెందుకు" అనేవాడు. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. ఆ పళ్ళు చౌడేశ్వరమ్మ తను తినకుండా స్వామి ముందు పెట్టేది.

ఇట్లా రెండేళ్ళు గడిచాయి. యుద్ధం ముగిసింది.

బాలశౌరి మేష్టారు ఆ మధ్య పక్షవాతంతో మంచాన పడి, కోలుకుని, కర్ర పట్టుకుని బస్సులో దిబ్బపాలెం వచ్చాడు. చనిపోయేలోగా ఆ రాయిని మరోసారి చూసుకోవాలని వచ్చానన్నాడు. మెడ దగ్గర ఎముకలు తేలి, సగమైపోయిన చౌడేశ్వరమ్మను చూసి గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక ఏమిటిదని అడిగాడు.

"నా మైలకి స్వామి పోయాడు మేష్టారూ" అని ఆమె చెప్పింది.

ఆయన అరుగు పక్కన కష్టంగా కూర్చుని, కళ్ళద్దాలు తుడుచుకుని, రాయిని ముందు నుంచి చూశాడు. చుట్టూ జరుగుతూ జరుగుతూ వెనక్కి వెళ్ళాడు. అక్కడ ఆగిపోయాడు. వేలితో ఒకచోట తడిమి, అద్దాలు తీసి మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"చౌడేశ్వరమ్మ గారూ, మీరొచ్చి ఇక్కడ కూర్చోండి."

"నేను ముట్టుకోనండీ."

"ముట్టుకోవాలి. మీ వేలు ఇట్లా ఇవ్వండి." ఆయన మొదటిసారి ఆమె వేలు పట్టుకుని రాయి మీద పెట్టాడు. "ఇక్కడ ఒక హంస ఉంది. తల వెనక్కి తిప్పి చూస్తోంది. తెలుస్తోందా?"

"గరుకుగా తగులుతోంది."

"మీ రాయిలో ఏ హంసా వెనక్కి చూడదు. అన్నీ ముందుకే నడుస్తాయి. బొమ్మ గీసేటప్పుడు నాకు విసుగు పుట్టి, సరదాకి ఒకదాని తల వెనక్కి తిప్పి గీశాను. అది నా పెన్సిలు చేసిన అల్లరి. ఆ బొమ్మ నేను ఒక్కరికే ఇచ్చాను."

చౌడేశ్వరమ్మకు వెంటనే అర్థం కాలేదు. ఆయన మళ్ళీ చెప్పాడు, ఇది నా బొమ్మ చూసి ఎవరో చెక్కిన కొత్త రాయి అని. ఆమె వేలు ఆ హంస మీదనే ఉండిపోయింది.

"అయితే నేను..." అని ఆగింది. "అయితే నేను ఏమీ చెయ్యలేదాండీ?"

"మీరు ఏమీ చెయ్యలేదమ్మా."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు బయటికి రాలేదు. మేష్టారు పక్కనే కూర్చుని, బొమ్మ ఇచ్చింది తనే కాబట్టి తనను క్షమించమన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన తప్పేమీ లేదని ఆమెకు తెలుసు. తప్పు ఎవరిదో కూడా తెలుసు. దాన్ని నోటితో అనడానికి రెండు రోజులు పట్టింది.

మూడో రోజు ఆ రాయిని గంపలో పెట్టి, పాతచీర కప్పి, బెజవాడ బస్సెక్కింది. వన్ టౌన్‌లో అడుగుతూ అడుగుతూ వెళ్ళింది. మూటల బళ్ళు, హమాలీలు, ఒకరినొకరు తోసుకునే జనం. ఎవరో చెయ్యి పట్టి అంకమ్మరావు కొట్టు ముందు దిగబెట్టారు. కొట్లో బేరగాళ్ళు ఉన్నారు. అతను "అక్కా, చెప్పకుండా వచ్చావే" అంటూ లేచాడు. ఆమె గంప దించి, రాయిని తీసి, పరిచిన తెల్లదుప్పటి మీద చీరల మధ్య పెట్టింది.

"నీది నువ్వు తీసుకో. మాది ఎక్కడ?"

బేరగాళ్ళను పంపేసి, కొట్టు తలుపు దగ్గరికి వేశాడు. కాసేపు అబద్ధం కోసం వెతుక్కున్నాడు. దొరకలేదు.

"సేటుకిచ్చా. ఆయనకు ఇట్లాంటివంటే మోజు. హాల్లో పెట్టుకున్నాడు."

"పద, చూపించు."

"ఇప్పుడు లేదక్కా. సీమకు వెళ్ళిపోతున్న ఒక దొరకు ఆయన బహుమానం ఇచ్చేశాడు. ఓడెక్కి పోయింది."

ఆమె గోడకు చేరబడింది. సేటు ఇచ్చిన గోడ అది. చుట్టూ ఉన్న చీరల వాసన, నూలు వాసన అన్నీ ఆ రాయితో వచ్చినవే.

"నన్నడగొచ్చు గదరా."

"అడిగితే ఇవ్వవని తెలుసు."

"ఇవ్వనేమో. ఇచ్చేదాన్నేమో. నీకేదన్నా లేదన్నానా ఎప్పుడైనా?"

అంకమ్మరావు తల వంచుకున్నాడు. "ఎంతకాలం ఒకరి కింద చాకిరీ చెయ్యనక్కా? నీకు తెలీకుండా అచ్చం అట్లాంటిదే పెట్టాగా. మొక్కుకోడానికి ఏదైతేనేం అనుకున్నా."

"రాయి సంగతి వదిలెయ్. పోయింది, పోనీ." ఆమె గొంతు పెద్దది చెయ్యలేదు. "నేను స్వామి లేడని నీ ముందే అన్నాను. నువ్వు అన్నం కలుపుతున్నావు. నా మైల అన్నావు. ఎవరి పురుడు పోసి వచ్చాన్రా నేను? రెండేళ్ళు నన్ను తినకుండా చేసి, నా ముందు పళ్ళు పెట్టి, ఒళ్ళు జాగ్రత్త అన్నావు. అప్పుడు కూడా నీ నోరు రాలేదా?"

"భయమేసింది. ఒకసారి అన్నాక ఇంక..."

అతను మాట పూర్తి చెయ్యలేదు. ఆమె కూడా చెయ్యమనలేదు.

కొట్టు వెనక గుమ్మంలో హనుమాయమ్మ నిలబడి ఉంది, మొగుడికి అన్నం తెచ్చి, మాటలన్నీ విని. "నాకు తెలీదు వదినా, నా బిడ్డ మీద ఒట్టు" అంది. చౌడేశ్వరమ్మ ఆమె వైపు చాలాసేపు చూసింది. నిజమే చెబుతోందేమో. నమ్ముదామంటే మనసు ముందుకు కదల్లేదు. తోడబుట్టినవాడి మాటే అట్లా అయ్యాక, ఇక ఎవరి మాట నిజమో ఎవరి మాట కాదో తేల్చుకునే శక్తి ఆమెకు లేకపోయింది. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. నీళ్ళన్నా తాగి వెళ్ళమని ఎంత బతిమాలినా తాగకుండా ఖాళీ గంపతో బస్సెక్కింది.

ఊరికి వచ్చాక జరిగింది అమలమ్మకు చెప్పింది. అమలమ్మ నలుగురికి చెప్పింది. మైల కథ ఎంత తొందరగా పాకిందో ఈ కథ అంత తొందరగా పాకలేదు. కొందరు వచ్చి పరామర్శించారు. కొందరు "తమ్ముడు చేశాడంటే ఏదో అవసరం వచ్చే ఉంటుంది" అన్నారు. ఆమె ఎవరితోనూ వాదించలేదు. రాత్రి భోజనం మాత్రం మళ్ళీ మొదలుపెట్టింది.

అరుగు ఖాళీగా ఉంటే చూడలేకపోయింది. బాలశౌరి మేష్టారు వచ్చినప్పుడు అడిగింది, రాయి లేనివాళ్ళు ఏం చేసేవాళ్ళని. "అసలు మొదట రాయే లేదమ్మా. ఒట్టి మట్టి కుప్ప. రాతిపలకలు తర్వాత వచ్చాయి. చేతిలో పట్టేంత మట్టిముద్దలు చేసి ఇంట్లో పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు" అని ఆయన చెప్పాడు. ఆమె కాలవలోంచి ఒండ్రు తెచ్చి, తడిపి పిసికి, అరుగు మీద గుండ్రంగా పోసింది. ముందు వైపు అయిదు పుల్లలు గుచ్చింది. నెత్తిన గన్నేరు పువ్వు పెట్టింది. వానాకాలం తేమకు అది కుంగిపోయేది, ఎండాకాలం పగిలేది. మళ్ళీ పోసేది. అమలమ్మ తొలి పోగు తెచ్చింది ఒకనాడు. తర్వాత మరి కొందరు. కానీ వాళ్ళు తిరుగుతున్నంతసేపూ చౌడేశ్వరమ్మ ద్వారం దగ్గర కూర్చుని, వాళ్ళ చేతుల వంకే చూసేది. ఇల్లు వదిలి ఒక్క పూట కూడా ఎక్కడికీ వెళ్ళేది కాదు. మట్టిని ఎవరు ఎత్తుకుపోతారని అమలమ్మ అడిగితే, తనకూ తెలియదంది.

దేశానికి స్వతంత్రం వచ్చిన తర్వాత రెండో ఏడు, ఎండల్లో, అంకమ్మరావు పెళ్ళాం బిడ్డతో దిబ్బపాలెం వచ్చాడు. కొడుక్కు అక్షరాభ్యాసం, మేనత్తను పిలవడానికి వచ్చారు. అన్నాళ్ళూ మనుషుల చేత కబుర్లు పంపాడు గానీ తను రావడానికి మొహం చెల్లలేదు. చౌడేశ్వరమ్మ లేచి చాప వేసింది, కాళ్ళు కడుక్కోడానికి నీళ్ళు పెట్టింది.

"రండి. ఎండన పడి వచ్చారు, కూర్చోండి."

అంకమ్మరావు తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

"మజ్జిగ తీసుకుంటారా అంకమ్మరావు గారూ?"

"అక్కా, నన్నేంటి, మీరు అంటున్నావు?"

"పరాయివాళ్ళను నువ్వనడం నాకు అలవాటు లేదండీ."

కోపం లేదు ఆ గొంతులో. ఊరికి వచ్చిన పెద్దమనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది. అతను చాప మీద కూలబడి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని, తిట్టమన్నాడు, కొట్టమన్నాడు, ఒక్కసారి ఒరే అనమన్నాడు. ఆమె మజ్జిగ గ్లాసు అతని పక్కన పెట్టి, అక్షరాభ్యాసానికి తన కంటిచూపుతో రాలేనని, ఏమీ అనుకోవద్దని మర్యాదగా చెప్పింది. హనుమాయమ్మ ఏడుస్తుంటే ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

పిల్లవాడు ఆసరికి అరుగు చుట్టూ పరిగెత్తుతున్నాడు, ఎడమచేతి వైపుగా. ఆమె వాణ్ణి పట్టుకుని కుడివైపుకు తిప్పింది. వాడు చిన్నప్పుడు తన కాళ్ళ మీద పడుకుని నీళ్ళు పోయించుకున్న సంగతి వాడికి తెలియదు. ఆమె కూడా చెప్పలేదు. తను చుట్టిన నూలుతో నేయించిన చిన్న పంచె ఒకటి పెట్టెలోంచి తీసి వాడి భుజం మీద వేసింది.

సాయంత్రం బస్సుకు వాళ్ళు బయలుదేరారు. అంకమ్మరావు గడప దగ్గర నిలబడి ఆమె ఏదన్నా అంటుందేమోనని చూశాడు. "వెళ్ళి రండి" అంది. తర్వాత వంగి, పిల్లవాడి తల నిమిరి, "నువ్వు మళ్ళీ రారా" అంది.